కట్టెలు చీల్చే హైడ్రాలిక్ మిషన్‌కి పెట్రోల్ ఇంజిన్ తీసేసి 5 హెచ్‌పీ మోటార్ పెట్టొచ్చా?

చంపాపేట_అడితి:
అన్నలందరికీ నమస్తే. మాది కట్టెల అడితి, హలీం భట్టీలకు, ఫంక్షన్ల వంటలకు చింత, తుమ్మ ఇస్తం. మిషన్ మేమే వెల్డింగ్ చేయించుకున్నం, 100 ఎంఎం బోర్ సిలిండర్, 60 సెంటీమీటర్ల స్ట్రోక్, 8 సీసీ గేర్ పంపు (ఒక్క చుట్టుకు 8 సీసీ ఆయిల్ తోస్తది), 6.5 హెచ్‌పీ పెట్రోల్ ఇంజిన్ బెల్ట్ మీద పంపును 3000 ఆర్‌పీఎం తిప్పుతది. మామూలు కట్టె మంచిగనే చీలుతది గానీ చింత మొద్దుల ముడి తగిలిందంటే ఇంజిన్ ఆగిపోతది. త్రీ ఫేజ్ ఉన్నది కాబట్టి 5 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం మోటార్ పెడదామనుకుంటున్న, 6.5 నుంచి 5కి దిగితే బలం తగ్గదా అని నాయిన అడుగుతున్నడు. రంజాన్ లోపల కావాలె, జర చెప్పండ్రి.

బాలానగర్_ఫిట్టర్:
తమ్మీ, బలం పెరుగుతుంది, స్పీడ్ తగ్గుతుంది. బలం వచ్చేది ప్రెషర్, బోర్ నుంచి, స్పీడ్ వచ్చేది ఆయిల్ ఫ్లో నుంచి. 8 సీసీ పంపు 3000 మీద నిమిషానికి 24 లీటర్లు తోస్తుంది, అంత ఫ్లోతో 150 బార్ ప్రెషర్ కావాలంటే దాదాపు 7 కిలోవాట్లు ఉండాలి, నీ ఇంజిన్ ఇచ్చేది 4.8, అందుకే 100 బార్ దగ్గర, అంటే 8 టన్నుల దగ్గరే చచ్చిపోతోంది. 1440 మీద అదే పంపు 11.5 లీటర్లే ఇస్తుంది, 150 బార్‌కి 3.4 కిలోవాట్లు చాలు, 5 హెచ్‌పీ అంటే 3.7, సరిపోయింది. 12 టన్నులు వస్తాయి. కానీ ఫుల్ స్ట్రోక్‌కి ఇప్పుడు 12 సెకన్లు పడితే అప్పుడు 25 పడుతుంది. అది ఓపలేకపోతే రాణిగంజ్‌లో హై-లో పంపు అడుగు, ఖాళీగా పోయేటప్పుడు ఎక్కువ ఫ్లో, కట్టె తగిలాక తక్కువ ఫ్లో ఎక్కువ ప్రెషర్.

బెల్ట్ మాత్రం తీసేయ్. మామూలు గేర్ పంపు షాఫ్ట్ పక్క లాగుడుకి చేసింది కాదు, బేరింగ్, సీల్ పోతాయి. మోటార్‌కి, పంపుకి మధ్య బిగించే బెల్ హౌసింగ్ పెట్టి, రెండు షాఫ్ట్‌లని కలిపే లవ్‌జాయ్ కప్లింగ్‌తో నేరుగా కలుపు. పంపు మీద బాణం ఎటుంటే మోటార్ అటే తిరగాలి, ఉల్టా తిరిగితే రెండు ఫేజులు మార్చు, కానీ అది కప్లింగ్ వేయకముందే చూసుకో. ప్రెషర్ గేజ్ లేకుండా రిలీఫ్ వాల్వ్, అంటే ప్రెషర్ హద్దు దాటకుండా ఆపేది, అస్సలు తిప్పకు.

మొయినాబాద్_రైతు:
స్పీడ్ కోసం పంపు మార్చే ముందు ఇది చేసి చూడండి, ప్రతిసారీ మొత్తం వెనక్కి లాగకుండా కట్టె పట్టేంత గ్యాప్ వచ్చేటట్టు ఒక స్టాపర్ పెట్టండి. 40 సెంటీమీటర్ల ముక్కకి 60 తిరగడం ఎందుకు, పైగా చానా మొద్దులు బ్లేడు సగం దిగేసరికే విడిపోతయి.

చంపాపేట_అడితి:
అన్నా మస్తు క్లియర్‌గ చెప్పిన్రు, నాయినకు ఈ లెక్కనే చూపిస్త. ఇప్పుడు ట్యాంకు 15 లీటర్లది, అది నడుస్తదా? ఆయిల్ చేతికి కాలుతున్నది.

బాలానగర్_ఫిట్టర్:
చిన్నది తమ్మీ. రోజంతా నడిపే మిషన్‌కి, మన ఎండకి 40 లీటర్లు పెట్టు, 68 గ్రేడ్ ఆయిల్ పోయి, రిటర్న్ లైన్‌లో ఫిల్టర్ వేయి. స్టార్టర్‌లో లోడ్ ఎక్కువైతే మోటార్‌ని ఆపే ఓవర్‌లోడ్ రిలే, బాడీకి ఎర్తింగ్ తప్పనిసరి. హోస్ ఎక్కడైనా కారుతోందని చేత్తో తడమొద్దు, సూదంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది, అట్టముక్క పట్టి చూడు. ఇంకోటి, అడితిల్లో ఒకడు కట్టె పట్టుకుంటే ఇంకొకడు లీవర్ నొక్కుతాడు, వేళ్లు పోయేది అక్కడే. కట్టె పెట్టినోడే లీవర్ నొక్కాలి, పనోళ్లకి ఈ మాట మొదటి రోజే గట్టిగా చెప్పు.