డోరో నదిలో వారం రోజుల క్రూజ్: మందు ముట్టని, మోకాళ్ళ నొప్పులున్న మాకు సరిపడుతుందా?

గోదారి_మాస్టారు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. నేను రిటైర్డ్ లెక్చరర్ని, 67 ఏళ్ళు. మా ఆవిడకి 63. మా అబ్బాయి నెదర్లాండ్స్‌లో పని చేస్తున్నాడు. వచ్చే వేసవిలో రెండు నెలలు వాడి దగ్గర ఉందామని అనుకుంటున్నాం. మధ్యలో ఒక వారం మమ్మల్ని పోర్చుగల్ పంపుతానంటున్నాడు, డోరో నది మీద ఓడలో ఏడు రాత్రులు. బ్రోషర్ తిరగేస్తే ప్రతి పేజీలోనూ వైన్ గ్లాసే. మేమిద్దరం మందు ముట్టం, గుడ్డు కూడా తినం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటేనే టెన్షన్. వాడేమో "మీరు ఎక్కి కూర్చుంటే చాలు నాన్నా, ఊళ్ళే మీ దగ్గరికి వస్తాయి" అంటాడు. పాపికొండల బోటు ఎక్కినవాళ్ళం కదా, అన్ని డబ్బులు పోసి మళ్ళీ కొండల మధ్య నీళ్ళే చూడాలా అని ఆవిడ అడుగుతోంది. ఏ నెల మంచిది? తిండి సంగతేంటి? పోర్చుగల్‌కి వేరే వీసా కావాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పోర్టోలో_మనోడు:
నమస్కారం మాస్టారూ. నేనుండేది పోర్టోలోనే. మా ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళందరినీ ఆ నది చూపించడం నా డ్యూటీ అయిపోయింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మీ అబ్బాయి చెప్పినదాంట్లో సగమే నిజం. ఊళ్ళు రావు. రేవు వస్తుంది, ఊరు కొండ మీద ఉంటుంది. ఓడ దిగగానే బస్సు ఎక్కిస్తారు, ఆ బస్సు మెలికల రోడ్డు మీద పైకి వెళ్తుంది, దిగాక రాళ్ళు పరిచిన వీధుల్లో నడవాలి. అందుకే ఓడ ఎంత బాగుందో కాదు, ఓడ దిగాక ఏం చేయిస్తారో ముందు చూడాలి. రోజువారీ ప్రోగ్రాం తెప్పించుకుని ఒక్కో చోట ఎంత నడక, ఎన్ని మెట్లు, బస్సులో ఎంతసేపు అని కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఉదాహరణకి లమేగు. అక్కడి రెమేదియుష్ మాత గుడికి 686 మెట్లు. ఫొటో చూస్తే అమ్మగారు ట్రిప్పే మానేస్తారు. కానీ బస్సు పై దాకా వెళ్తుంది, దర్శనం చేసుకుని మళ్ళీ బస్సులోనే దిగొచ్చు. కస్తేలు రొద్రిగు అనే కోట ఊరు మాత్రం మోకాళ్ళకి పరీక్షే, అంతా రాళ్ళ ఎగుడు దారి. ఆ పూట ఓడలో ఉండిపోవడం మేలు. స్పెయిన్‌లోని సలమాంకా దాదాపు అన్ని వారం రోజుల ప్యాకేజీల్లోనూ ఉంటుంది. 1218లో మొదలైన యూనివర్సిటీ ఉన్న ఊరు, పెద్ద చౌక్ చుట్టూ నడక తేలికే. కాకపోతే నది చివర నుంచి బస్సులో రానూ పోనూ చెరో రెండు గంటలు, రోజంతా అయిపోతుంది. స్పెయిన్ గడియారం పోర్చుగల్ కంటే గంట ముందుంటుంది. ఫోన్ దానంతట అదే మారిపోతుంది, చేతి గడియారం మారదు. బస్సు దగ్గరికి ఏ టైముకి రమ్మన్నారో ఒకటికి రెండుసార్లు అడగండి.

అమ్మగారికి బాగా నచ్చేది పిన్యావ్ అనుకుంటాను. చిన్న ఊరు, రేవు నుంచి రైల్వే స్టేషన్‌కి కొద్దిపాటి నడకే. ఆ స్టేషన్ గోడల నిండా నీలం రంగు పలకల మీద ద్రాక్ష కోతలు, బుట్టలు మోసే ఆడవాళ్ళు, పీపాలు వేసుకెళ్ళే పడవలు. 1937 నాటివి. అక్కడ ఏ కొండా ఎక్కక్కర్లేదు.

ఇక పాపికొండల ప్రశ్న. కొండలూ నీళ్ళే, నిజమే. కానీ ఇక్కడ చూడాల్సింది మనుషులు ఆ కొండలతో చేసిన పని. అంతా పలకలు పలకలుగా విడిపోయే షిస్ట్ రాయి. దాన్ని పగలగొట్టి, సున్నం లేకుండా ఒట్టి రాయి మీద రాయి పేర్చి, మెట్లు మెట్లుగా గోడలు కట్టి తీగ నాటారు. పోర్ట్ అనే తియ్యటి వైన్ ఈ లోయలో పండిందే అయి ఉండాలని 1756లోనే హద్దులు పెట్టాలని నిర్ణయించారు, ఆ తర్వాత హద్దు రాళ్ళు పాతించారు. అలా సరిహద్దు గీసి అదుపులో పెట్టిన ద్రాక్ష ప్రాంతాల్లో ప్రపంచంలోనే తొలి వాటిలో ఒకటి. 2001లో యునెస్కో జాబితాలో చేర్చారు.

పోర్చుగల్ లోపల ఓడ నడిచే దారి సుమారు 210 కిలోమీటర్లు, మధ్యలో అయిదు ఆనకట్టలు. ప్రతి దాని దగ్గరా లాకులో నుంచి, అంటే గేట్లు మూసి నీళ్ళు నింపో తీసో ఓడని ఎత్తే దించే తొట్టిలో నుంచి, పోవాలి. కర్రపతేలు లాకు ఒక్కటే ఓడని 35 మీటర్లు, అంటే పదంతస్తుల పైచిలుకు ఎత్తు, పైకి లేపుతుంది. తడి గోడలు రెండు వైపులా చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా ఉంటాయి. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ద్రాక్షతోటలకంటే ఈ లాకు గురించే ఎక్కువ చెప్పుకున్నవాళ్ళున్నారు. ఆనకట్టలు రాకముందు ఈ నది రాళ్ళతో, సుడులతో నిండి ఉండేది. వలైరా దగ్గర ఇరుకులో 1861లో పడవ తిరగబడి ఫారెస్టర్ అనే పెద్ద వైన్ వ్యాపారి మునిగిపోయాడు. డోరో నది మ్యాపు తయారుచేసిన మనిషి ఆయనే. పోర్చుగల్ పొడవునా పెద్ద ఓడలు తిరగడం 1990 నుంచే.

ఇంకో సంగతి, ఈ నదిలో హోటల్ ఓడలు రాత్రిళ్ళు నడవవు. చీకటి పడ్డాక రేవులో కట్టేస్తారు. నిద్ర బాగా పడుతుంది, దృశ్యం ఏదీ రాత్రి పూట దాటిపోదు. వాంతులు, తల తిరగడం గురించి భయపడక్కర్లేదు, నీళ్ళు చెరువులా ఉంటాయి.

నెలల సంగతి: లోయ పై భాగంలో జూలై, ఆగస్టు నెలల్లో 40 డిగ్రీలు మామూలే. "తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం" అని ఇక్కడి సామెత. రాజమండ్రి ఎండ చూసినవాళ్ళకి అదేం లెక్క అనొచ్చు గానీ, ఎండలు తప్పించుకోవడానికే కదా మీరు వస్తున్నది! సెప్టెంబరులో కోతలు, సందడి బాగుంటుంది, ధరలూ అలాగే ఉంటాయి. చలికాలంలో, వసంతం మొదట్లో వరదొస్తే ఓడలు ఆపేస్తారు. మే సగం నుంచి జూన్ సగం దాకా నా ఓటు.

అత్తాకోడళ్ళు:
మాస్టారు గారూ, నేను మా అత్తగారిని తీసుకుని వెళ్ళాను. ఆవిడా మీలాగే గుడ్డు ముట్టరు. తిండి గురించి చెప్తాను.

బుక్ చేసేటప్పుడే "వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. అక్కడ చేప వెజిటేరియనే అనుకునేవాళ్ళుంటారు. మాంసం, చేప, గుడ్డు, వాటి మరక పడిన సూప్ నీళ్ళు ఏవీ వద్దని విడివిడిగా రాయండి. బయట హోటల్లో తింటే "సెం కార్న్, సెం పైష్, సెం ఓవుష్" అనండి, మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా నయం. ఆకుకూర సూప్ ఒకటి ఎక్కడ చూసినా ఉంటుంది, కాల్దు వేర్ద్ అంటారు, చూడ్డానికి మన తోటకూర పులుసులా పచ్చగా అమాయకంగా ఉంటుంది. అందులో సాసేజ్ ముక్కలు వేస్తారు. కస్టర్డ్ టార్టుల నిండా గుడ్డే.

ఓడలో ఒక సుఖం ఉంది. వారమంతా అదే వంటమనిషి. మొదటి రోజు సాయంత్రమే వెళ్ళి కూర్చుని మాట్లాడితే రెండో రోజు నుంచి ఆయనే వచ్చి రేపేం చేయమంటారు అని అడుగుతాడు. అన్నం, బంగాళాదుంప, శనగలు, బీన్స్, మంచి రొట్టె, ఆలివ్ నూనె, పళ్ళు, కమ్మని పెరుగు. ఆకలితో ఉండే ప్రమాదం లేదు. కారం లేదని ఏడవాలి అంతే.

దానికి మందు మన సూట్‌కేసులోనే ఉండాలి. కానీ జాగ్రత్త, యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేనివ్వరు. నెయ్యి, పాలకోవా, నెయ్యి రాసిన పూతరేకులు ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు, మామిడి పళ్ళు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ గట్టిగా సీలు చేసి తెచ్చుకోండి. క్యాబిన్‌లో రైస్ కుక్కర్ పెట్టాలన్న ఆలోచన మాత్రం వద్దు, మంటల భయంతో ఒప్పుకోరు.

వైన్ గురించి: కింతాలకి, అంటే ద్రాక్ష ఎస్టేట్లకి తీసుకెళ్ళినప్పుడు మా అత్తగారు ఆలివ్ నూనె, బాదం పప్పు రుచి చూసి, గ్లాసు నా వైపు జరిపేశారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. పులుస్తున్న రసంలో ద్రాక్ష నుంచి తీసిన సారా పోస్తే పులియడం ఆగిపోయి తీపి మిగిలిపోతుందట, అదే పోర్ట్. ఆవిడ పక్కవాళ్ళందరికంటే శ్రద్ధగా విని ఇంటికొచ్చి మామగారికి పాఠం చెప్పారు.

రైన్_గట్టున:
నేను కాస్త అడ్డం మాట్లాడతాను. అబ్బాయి నెదర్లాండ్స్‌లో ఉంటే పోర్చుగల్ దాకా ఎందుకు? జర్మనీలోని రైన్, మోసెల్ నదులు రైలు దూరంలోనే ఉన్నాయి. బింగెన్, కోబ్లెంజ్ మధ్య కోటలు, ద్రాక్షతోటలు పగటి బోటులోనే చూసి రావచ్చు. ఊళ్ళు నది ఒడ్డునే, చదునుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులకి అదే నయం.

పోర్టోలో_మనోడు:
మోకాళ్ళ మాటలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. రైన్ ఊళ్ళు చదును. కాకపోతే అక్కడ నీటి మట్టం తగ్గితే ఇబ్బంది. 2018లో, 2022లో కౌబ్ దగ్గర నీళ్ళు ఎంత అడుగంటాయో వార్తల్లో చూశాం. డోరోలో ఆనకట్టల వల్ల వేసవిలో ఆ బెడద లేదు.

వారం ఓడ వద్దనుకుంటే ఇక్కడే చవక దారి ఉంది మాస్టారూ. పోర్టోలో లిఫ్టు ఉన్న హోటల్ తీసుకోండి. ఒక రోజు పగటి ఓడలో రెగువా దాకా వెళ్ళండి. లంచ్ వాళ్ళే పెడతారు, కర్రపతేలు లాకు దారిలోనే వస్తుంది, తిరుగు ప్రయాణం రైల్లో. ఇంకో రోజు రైల్లో పిన్యావ్ వెళ్ళి, అక్కడి రబేలు పడవలో, అంటే పాతకాలంలో వైన్ పీపాలు మోసిన తరహా పడవలో, గంటో రెండు గంటలో తిరగండి. పోర్టో నుంచి వెళ్ళేటప్పుడు రైల్లో కుడి వైపు కూర్చోండి, నది అటే. 65 దాటినవాళ్ళకి పోర్చుగల్ రైళ్ళలో సగం టికెట్టే, ఏ దేశం వాళ్ళకైనా. పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. మీకు వర్తిస్తుంది, అమ్మగారికి ఇంకా రెండేళ్ళు ఆగాలి. పాత బోగీల మెట్లు మాత్రం ఎత్తు, చెయ్యి అందించాలి.

నా మాటంటారా? ఈ దారిలో అయితే రోజూ రైలు, టాక్సీ, పోర్టో ఎగుడుదిగుడు వీధులు. ఓడలో పెట్టె ఒక్కసారి విప్పితే మళ్ళీ చివరి రోజే సర్దేది. అమ్మగారి కోసమైతే ఓడే. కానీ డబ్బు కట్టాం కదా అని ప్రతి బస్సూ ఎక్కే మనస్తత్వం ఉంటే వద్దు. అందరూ కొండ మీదికి పోయినప్పుడు పై డెక్ మీద ఇద్దరే కూర్చునే మనుషులైతేనే తీసుకోండి. మందు టికెట్‌లో కలిపేసిన ప్యాకేజీలు కాకుండా, తాగినవాళ్ళే విడిగా కట్టుకునేవి వెతకండి. లేకపోతే మీది కాని బిల్లు మీరు కట్టినట్టే.

వీసా_పంతులు:
వీసా ఎవరూ చెప్పలేదు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఒకటే చాలు, పోర్చుగల్‌కి, ఆ సలమాంకా రోజుకి విడిగా అక్కర్లేదు. ఎక్కువ రోజులు ఉండేది నెదర్లాండ్స్‌లో కాబట్టి వాళ్ళకే అప్లై చేయాలి. క్రూజ్ టికెట్ చూసి ఏజెంట్ పోర్చుగల్ అప్లికేషన్ పెడతానంటే ఒప్పుకోకండి. మీ అబ్బాయి అక్కడి మున్సిపాలిటీ ఆఫీసులో సంతకం ధ్రువీకరించిన వసతి, స్పాన్సర్‌షిప్ ఫారం పంపాలి. ఇన్సూరెన్స్ షెంగెన్ దేశాలన్నిటికీ, కనీసం 30,000 యూరోలకి. మోకాళ్ళ సంగతి ముందే రాయండి, దాచొద్దు. వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు, సెంటర్ చార్జీ అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, వేసవికైతే ఆలస్యం చేయొద్దు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పోర్టోకి నేరుగా విమానాలున్నాయి, మూడు గంటల లోపే. దేశం లోపలి ప్రయాణంలా ఉంటుంది గానీ పాస్‌పోర్ట్ జేబులోనే ఉండాలి.

గోదారి_మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. అంతా చదివి వినిపించాను. లాకు చూడాలని ఆవిడే అంటోంది ఇప్పుడు, స్టేషన్ గోడలు కూడా. ఓడకే నిర్ణయం. ఇంకో రెండు సందేహాలు. కింది అంతస్తు క్యాబిన్ బాగా చవకగా వస్తోంది, తీసుకోవచ్చా? తేదీలేమో జూన్ 16 నుంచి 23 అంటున్నారు, ఎలా ఉంటుంది?

పోర్టోలో_మనోడు:
కింది అంతస్తు వద్దు మాస్టారూ. కిటికీ నీటి మట్టానికి కాస్త పైన ఉంటుంది, తెరుచుకోదు. లిఫ్టు చాలా ఓడల్లో అంత కిందికీ రాదు, పై డెక్‌కీ పోదు. మధ్య అంతస్తులో, లిఫ్టుకి దగ్గరగా, వెనక ఇంజిన్‌కి దూరంగా అడగండి. బాల్కనీ కోసం మరీ ఎక్కువ పోయకండి. రేవుల్లో ఓడలు పక్కపక్కన కట్టేసినప్పుడు మీ బాల్కనీ ఎదురుగా అవతలి ఓడ వాళ్ళ బాల్కనీయే ఉంటుంది. ఒడ్డుకి దిగాలన్నా ఆ ఓడలో నుంచే నడవాలి, గడపలు జాగ్రత్త.

తేదీల్లో ఒక మెలిక ఉంది. జూన్ 23 రాత్రి పోర్టోలో సావ్ జువావ్ పండుగ. ఊరంతా వీధుల్లోనే, ప్లాస్టిక్ సుత్తులతో తలల మీద కొట్టుకుంటూ తెల్లవార్లూ తిరుగుతారు, అర్ధరాత్రి నది మీద బాణసంచా. ఓడలు ఆగే గాయా రేవు సరిగ్గా ఆ జనం మధ్యే. ఓడ ఆ రాత్రి రేవులోనే ఉండి 24 పొద్దున దింపేస్తే అదృష్టం, డెక్ మీద నుంచే చూస్తారు. 23 పొద్దునే దింపేస్తే మాత్రం హోటల్, టాక్సీ రెండూ కష్టం, వంతెన దగ్గర దారులు మూసేస్తారు. దిగేది ఏ రోజు, ఏ గంటకో కంపెనీని అడిగి ఇక్కడ రాయండి. 23 పొద్దున అయితే సామానుతో సహా మధ్యాహ్నం లోపే ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్ళిపోవాలి. మెట్రో వయొలెట్ లైన్ నేరుగా ఎయిర్‌పోర్ట్‌కే పోతుంది, పెట్టెలతో అయినా సుళువే.