‘లో రైడర్’లో ఆ ‘హయ్యర్’ సంగతేమిటి?

అక్షరాల గంప: 1975లో అమెరికా ఫంక్ బృందం ‘వార్’ పాడిన ‘లో రైడర్’ పట్టుకుంది, వదలడం లేదు. ‘ఎ లిటిల్’ తర్వాత వచ్చేది హయ్యరా, స్లోయరా? హయ్యరే అయితే, నేలకి ఆనేంత దించిన బండి మీద పాట కట్టి, అది ఎత్తు అనడమేమిటి? అలంకారాలు తెలిసినవాళ్లు తేల్చాలి.

సీసం మాస్టారు: రెండూ ఉన్నాయి. ముందు ‘ఈజ్ ఎ లిటిల్ హయ్యర్’, తర్వాత ‘డ్రైవ్స్ ఎ లిటిల్ స్లోయర్’. ఇది శుద్ధ విరోధాభాస, పైకి పొసగనట్టు కనబడి లోపల పొసగే అలంకారం. ‘లో’ అన్న నోటితోనే ‘హయ్యర్’ అన్నాడు. విరోధానికి పరిహారం మత్తు. చివర్లో ‘ట్రిప్’కి రమ్మంటాడు చూడండి. డెబ్బైల్లో లాస్ ఏంజెలెస్ కుర్రాళ్లకి ట్రిప్ అంటే తీర్థయాత్ర కాదుగా.

ఇనపపెట్టె: మాస్టారూ, మత్తు దాకా ఎందుకండీ, మీట ఉండగా? బండిలో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు కన్నా కిందికి ఉండకూడదని 1958లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. మరుసటి ఏడాదే రాన్ అగిర్రే తన కార్వెట్ కారుకి విమానాల హైడ్రాలిక్ పంపులు బిగించాడు. పోలీసు ఎదురైతే మీట నొక్కడం, బండి లేవడం. ఆయన అటు తిరగగానే మళ్లీ దిగడం. ‘కొంచెం హయ్యర్’ అంటే రిమ్ముకి కొంచెం పైన. అంతే.

సీసం మాస్టారు: ‘ఈజ్’ అన్నాడు నాయనా, ‘గెట్స్’ అనలేదు. మీట నొక్కితే లేచేది క్రియ. ఇక్కడ చెప్పింది స్థితి.

ఇనపపెట్టె: ఫంక్ పాటకి వ్యాకరణం పట్టుకొచ్చారు! అదే పాటలో ‘డోంట్ యూజ్ నో గ్యాస్’, అంటే పెట్రోలే తాగదని కూడా ఉంది. దానికేమంటారు?

గోదారి గట్టు: నాకైతే ఇదంతా ప్రాస కోసం పడ్డ పాటు అనిపిస్తుంది. రైడర్, హయ్యర్. పాడిన చార్లెస్ మిల్లర్ అసలు శాక్సఫోన్ మనిషి. ఆ బొంగురు గొంతుతో ‘రై’ని సాగదీస్తే దాని పక్కన ఏ మాటైనా ఒదుగుతుంది. మొదట్లో ఆ ఇనుప గంట టింగుటింగుమంటుంటే అర్థం ఎవడిక్కావాలి?

సీసం మాస్టారు: ద్వితీయాక్షరం ఒకచోట ‘డ’, ఇంకోచోట ‘య్య’. దీన్ని ప్రాస అంటే ఛందస్సు రాసిన అప్పకవి లేచి వస్తాడు.

గోదారి గట్టు: అంత్యప్రాస అండీ బాబూ.

పాలపిట్ట: అందరూ ఒకటి వదిలేస్తున్నారు. రైడర్ బండా, మనిషా? ప్రతి వీధీ తెలుసు అన్నప్పుడు మనిషి. గ్యాస్ తాగదు అన్నప్పుడు బండి. బహువ్రీహిలా తీసుకుంటే, దిగిన బండి కలవాడు. అప్పుడు హయ్యర్ ఆ మనిషి దర్జా. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో విట్టియర్ బులవార్డ్ మీద మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు రంగులేసిన ఇంపాలా కార్లలో మెల్లగా పోయేవాళ్లు. ‘బహీతో ఇ స్వావెసీతో’ అనేది వాళ్ల మాట, కిందుగా, నెమ్మదిగా అని. ఊరంతా ఆగి చూడాలనే ఆ నడక. నలుగురూ చిన్నచూపు చూసినవాడు ఆ రాత్రికి ఒక మెట్టు పైన ఉంటాడు.

ఇనపపెట్టె: అలా పోవడం కూడా నేరమే చేశారు చాలా ఊళ్లలో. ఆ నిషేధాలూ, రిమ్ము నిబంధనా తీసేసే చట్టం 2024 జనవరిలో గానీ అమల్లోకి రాలేదు. పాట పుట్టినప్పుడు మీట అవసరమే మరి.

అక్షరాల గంప: పింగళి సూరన ఒకే పద్యంలో రెండు కథలు నడిపితే తలూపిన మనం, ఒక్క ‘హయ్యర్’లో మత్తూ మీటా దర్జా మూడూ ఉన్నాయంటే ఒప్పుకోమా?

సీసం మాస్టారు: సూరన కావాలని రాశాడు. వీళ్లకి తగిలింది. ఆ రెండూ ఒకటి కాదు.

కుంజరం: మీ అగిర్రే కన్నా ముందు ధర్మరాజున్నాడు. నేలకి నాలుగంగుళాలు పైన నడిచే రథం. అశ్వత్థామ మాట అన్నాక కిందికి దిగింది. లోకంలో మొదటి లో రైడర్ ఆయనే.

పాలపిట్ట: 😀 కానీ ఆయన రథం దిగింది సిగ్గుతో. వీళ్లు దించుకున్నది గర్వంతో. దానికి శ్రీశ్రీ దగ్గరికి వెళ్లాలి. ఆకాశంలో పోయే రథచక్రాలని ‘భూమార్గం పట్టిస్తాను’ అన్నది ఆయనేగా.

గోదారి గట్టు: అంతకుముందే మా కృష్ణశాస్త్రి ‘దిగిరాను దిగిరాను దివి నుంచి భువికి’ అని మొండికేశాడు. ఆయనకి హైడ్రాలిక్స్ అక్కర్లేదు, అసలు దిగితేగా.

సీసం మాస్టారు: ‘నుంచి’ కాదు, ‘నుండి’.

గోదారి గట్టు: నేను విన్నది ‘నుంచి’. పాడినప్పుడు అదే వినిపిస్తుంది.

సీసం మాస్టారు: పాడినవాళ్లు మార్చుకుంటారు. ఆయన కావ్యం ‘కృష్ణపక్షం’ తెరిచి చూడండి.

ఇనపపెట్టె: ఏ ముద్రణ అండీ?