గాల్లో ఇంధనం అయిపోయిన విమానం: 1995 టీవీ సినిమా ఎవరైనా చూశారా?

పాతచిత్రాల ప్రేమి
నిన్న రాత్రి 'ఫాలింగ్ ఫ్రమ్ ద స్కై: ఫ్లైట్ 174' చూశాను. థియేటర్ల కోసం కాదు, టీవీ కోసం తీసిన సినిమా. కెప్టెన్‌గా విలియం డివేన్ వేశాడు. అంత ఎత్తులో రెండు ఇంజన్లూ ఆగిపోతే నాకు చేతులు చల్లబడ్డాయి. వచ్చే నెల డాలస్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాలి, ఇప్పటినుంచే టెన్షన్. ఇది నిజంగా జరిగిందా?

హ్యాంగర్ బాబాయ్
జరిగిందమ్మా. 1983 జూలై 23న, ఎయిర్ కెనడా 143. సినిమాలో నంబరు మార్చారు. మాంట్రియల్ నుంచి ఒటావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాల్సిన బోయింగ్ 767. కెనడా అప్పుడే మెట్రిక్ కొలతల్లోకి మారుతోంది. ఇంధన గేజీలు పనిచేయక ట్యాంకుల్లో చేత్తో కొలిచారు. లీటర్లను కిలోలు చేయాలంటే సుమారు 0.8తో గుణించాలి. వాళ్లు వాడిన అంకె 1.77, అది పౌండ్లకు. 22,300 కిలోలు కావాల్సిన చోట అందులో సగం కూడా లేదు.

నేను ముప్పై ఏళ్లు విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేశాను. ఒకసారి రాత్రి డ్యూటీలో టార్క్ లెక్క, అంటే బోల్టు ఎంత బలంగా బిగించాలన్నది, నేనూ తప్పు యూనిట్‌లో రాశాను. జూనియర్ కుర్రాడు పట్టుకున్నాడు. అందుకే సినిమాలో ఆ ఇంధనం లెక్క సీన్ దగ్గర కూర్చోలేకపోయాను. ఆ రోజు లెక్కను ఒకరికి మించి సరిచూశారు, అందరూ అదే 1.77తో చూశారు.

గోదారిగట్టు
నాకు నచ్చింది ల్యాండింగ్. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు గ్లైడర్లు, అంటే ఇంజన్ లేని విమానాలు, నడిపిన అనుభవం ఉంది. కో పైలట్ మారిస్ క్వింటాల్ ఒకప్పుడు కెనడాలోని గిమ్లీ వైమానిక స్థావరంలో పనిచేశాడు, దిగడానికి ఆ రన్‌వే గుర్తొచ్చింది. తీరా అక్కడ కార్ల రేసులు! ఎత్తు ఎక్కువైందని పియర్సన్ విమానాన్ని అడ్డంగా తిప్పి జార్చాడు, గ్లైడర్‌ను దించినట్టే.

గన్నవరంలో వానలో మా విమానం నేల దాకా వచ్చి మళ్లీ పైకి లేచింది. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. పైలట్ రెండే ముక్కలు చెప్పాడు, గొంతులో వణుకు లేదు. ఆ గొంతే మమ్మల్ని కూర్చోబెట్టింది.

కిటికీసీటు
ప్రయాణికుల సొంత కథలు కాస్త సాగదీశారు, కాక్‌పిట్ మాత్రం బాగుంది. దీనికంటే నన్ను కదిలించింది 1990 టీవీ సినిమా 'మిరకిల్ ల్యాండింగ్'. 1988లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానం పైకప్పు 24 వేల అడుగుల ఎత్తున ఊడిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది. ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు పగులు చూసింది, కానీ ఎవరికీ చెప్పలేదు.

అది తెలిశాక నేను మొహమాటపడటం మానేశాను. ఒకసారి రెక్క కింద ఏదో కారుతుంటే సిబ్బందికి చెప్పాను. ఇంజనీరు వచ్చి చూసి, నీళ్లేనన్నాడు. విసుక్కోలేదు, థాంక్స్ చెప్పి వెళ్లాడు.

పాతచిత్రాల ప్రేమి
బాబాయ్, గిమ్లీలో ఎవరికైనా ఏమైనా అయిందా?

హ్యాంగర్ బాబాయ్
69 మందీ బతికారు. ముందు చక్రం లాక్ కాక ముక్కు రన్‌వేకు రాసుకుపోయింది, విమానం తొందరగా ఆగడానికి అదీ సాయపడింది. తోక పైకి లేవడంతో వెనక తలుపు నుంచి దిగే జారుడు మరీ నిటారుగా అయ్యి కొందరికి చిన్న గాయాలయ్యాయి. అదే విమానాన్ని బాగుచేసి 2008 దాకా నడిపారు.