ఆఫర్ లెటర్ లేకుండా హైదరాబాద్ మారొచ్చా?

మా ఆయన విశాఖలో ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నారు. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఫోన్‌లోనే జీతం ఖాయం చేసి, ఒకటో తారీఖుకి వచ్చేయమంటోంది. ఆఫర్ లెటర్ అడిగితే హెచ్‌ఆర్ నుంచి వాట్సాప్‌లో ఒక్క ముక్క: "మీరు రండి సార్, జాయినయ్యాక ఇస్తాం."

ఇక్కడ రాజీనామా చేయాలి, పాపకి టీసీ తీసుకోవాలి, జీడిమెట్ల వైపు ఇంటికి అడ్వాన్సు కట్టాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుందట, రుజువు చేయడమే కష్టమట. ఆ వాట్సాప్ మెసేజ్ సాక్ష్యంగా పనికొస్తుందా? జీతం, హోదా, చేరే తేదీ రాసి మేమే మెయిల్ పెట్టి, వాళ్లచేత ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకుంటే సరిపోతుందా?

లెటర్ చేతికొచ్చేదాకా రాజీనామా వద్దని నేను, ఆలస్యమైతే వేరేవాళ్లని తీసుకుంటారని ఆయన. ఇంట్లో ఒకటే టెన్షన్. హెచ్‌ఆర్‌లో పనిచేసేవాళ్లు, ఇలా వెళ్లి చేరినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.