తలకు దెబ్బ తగిలిన తమ్ముడికి పరిహారం ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి

జనగామ దగ్గర హైవే మీద మా తమ్ముడి బైక్‌ని లారీ గుద్దింది, తలలో రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణం దక్కింది. పైకి బాగానే కనిపిస్తాడు, కానీ పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు, ఊరికే కోపం వస్తుంది, టైల్స్ మేస్త్రీగా చేసినవాడు ఇప్పుడు కొలతలే పట్టలేకపోతున్నాడు. ఇన్సూరెన్స్ వాళ్లేమో కాళ్లూ చేతులూ బాగున్నాయిగా, కొంత తీసుకుని రాజీ పడండి అంటున్నారు. ఇది చాలా అన్యాయం.

ఎఫ్ఐఆర్, డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్‌లు ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద 6 నెలల్లోపు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి, ఆ గడువు దగ్గరపడుతోంది, అదే టెన్షన్. వైకల్యం శాతం ఒక్కటే కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా, మరి జ్ఞాపకశక్తి పోయిందని ఎలా నిరూపించాలి? న్యూరోసైకాలజీ పరీక్ష రిపోర్టు సరిపోతుందా, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కూడా కావాలా, దానికోసం ఆగకుండా ముందే కేసు వేయొచ్చా? వాడికి రోజుకూలీ, పే స్లిప్పులు లేవు, ఆదాయానికి ఏం చూపించాలి? పిటిషన్ మీద వాడే సంతకం పెట్టాలా, అమ్మ పెట్టొచ్చా?

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయర్‌ని ఇస్తారట, అలా ఇలాంటి కేసు నడిపించినవాళ్లు ఉంటే దయచేసి మీ అనుభవం రాయండి.