లండన్–పారిస్ ఫ్లైట్: వెళ్ళేటప్పుడు 2:20, వచ్చేటప్పుడు 20 నిమిషాలేనా?

కొత్త_లండనోడు:
అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, పారిస్ చూపిద్దామనుకుంటున్నా. హీత్రూ నుంచి ఫ్లైట్ చూస్తే 10:00కి బయల్దేరి 12:20కి దిగుతుందట. తిరుగు టికెట్‌లో 18:00కి ఎక్కితే 18:20కల్లా లండన్‌! ఇదేం లెక్క? సైటు తప్పా?

గోదారోడు:
తప్పేం లేదండి. పారిస్ గడియారం మన లండన్‌కన్నా గంట ముందుంటుంది. ఎటెళ్ళినా అసలు ప్రయాణం గంటా ఇరవై నిమిషాలే. రెండు ఊళ్ళ మధ్య గాల్లో దూరం 344 కి.మీ. కాబట్టి పైన ఉండేది గంటలోపే. మిగతాదంతా రన్‌వే దాకా దొర్లడం, దిగాక మళ్ళీ దొర్లడం. వచ్చేటప్పుడు హీత్రూలో రద్దీగా ఉంటే లండన్ పక్కనున్న బిగ్గిన్ హిల్ మీద చక్కర్లు కొట్టిస్తారు. కిటికీలోంచి ఒకటే చెరువు మూడోసారి కనబడేసరికి మా ఆవిడ "పైలట్ దారి తప్పాడేమో అడగండి" అంది.

ఓరుగల్లు_పోరడు:
అన్నా, గాల్లె గంట సంగతి పక్కకు పెట్టు. ఇంటికాడికెళ్లి హోటల్ దాకా ఎంతైతదో లెక్క జూడు. నేను ఒకపారి అగ్గువ టికెట్ అని కొన్న. దిగినంక జూస్తే అది బోవే ఎయిర్‌పోర్టు. పేరుకే పారిస్, ఊరికి 80 కి.మీ. దూరం. ఆడికెళ్లి బస్సుల గంటంబావు. ఇటుదిక్కు ఎయిర్‌పోర్టుకు పోనీకి రాత్రి మూడింటికే బయటపడ్డ. మొత్తం ఎనిమిది గంటలు! లండన్ విక్టోరియా బస్టాండ్ల రాత్రి బస్సెక్కినా గంతే అయితుండె, నిద్రన్నా పోతుంటి.

పద్మక్క:
పెద్దవాళ్ళతో అయితే ట్రైనే తమ్ముడూ. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో ఎక్కితే పారిస్ గార్ దు నోర్ స్టేషన్‌లో దిగుతారు, రెండూ ఊరి మధ్యలోనే. రెండుంబావు గంటల పైన కాస్త. ఫ్రెంచి పోలీసులు పాస్‌పోర్టు లండన్‌లోనే చూసేస్తారు, అక్కడ దిగాక నేరుగా బయటికే. కాకపోతే గంటన్నర ముందు చేరుకోండి, క్యూ పొడుగ్గా ఉంటుంది. బండి సముద్రం కింద సొరంగంలోంచి పోతుంది కదా, మా అత్తయ్య చేపలు కనిపిస్తాయని కిటికీకి అతుక్కుపోయి కూర్చుంది. ఇరవై నిమిషాలు చీకటి తప్ప ఏం లేదు పాపం. టికెట్ మాత్రం నెలల ముందే కొనాలి, ఆఖర్న కొంటే ఫ్లైటే చవక. అన్నట్టు వాళ్ళకి షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకిచ్చే వీసా, ఉందా? బ్రిటన్ వీసా మీద పారిస్ పోనివ్వరు.

కొత్త_లండనోడు:
వీసా హైదరాబాద్‌లోనే తీసుకున్నారక్కా. ఆవకాయ జాడీ పట్టుకెళ్ళొచ్చా? అది లేకపోతే నాన్న ముద్ద ముట్టరు.

గోదారోడు:
ట్రైన్‌లో పర్లేదు, ద్రవాలు 100 మి.లీ. దాటకూడదనే గొడవ లేదు. నేను పారిస్ నుంచి ఫ్లైట్‌లో వస్తుంటే నూనె తేలిన మాగాయ సీసా సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్టలో వేయించారు. ఇప్పటికీ ఆ వాసన గుర్తొస్తే కడుపు తరుక్కుపోతుంది.

పద్మక్క:
ఆవకాయ సరే, నెయ్యి మాత్రం వద్దు. బ్రెగ్జిట్ అయ్యాక, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ వదిలేశాక, 2021 నుంచి, ఇక్కణ్ణుంచి అటు పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళకూడదు. తనిఖీలో దొరికితే లాక్కుంటారు.

కొత్త_లండనోడు:
ట్రైన్ బుక్ చేశానక్కా, పొద్దున బండి. నెయ్యి సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.