బోరు నీరు ఉప్పగా మారింది, ఇంకా లోతుకు దింపించాలా?

ప్రశ్న (విశాఖ లాసన్స్ బే కాలనీ నుంచి):
మాది సముద్రానికి దగ్గరలోని అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. నిరుటి వరకు బోరు నీరు బాగానే ఉండేది. ఈ వేసవిలో నోట్లో పోసుకుంటే ఉప్పదనం తెలుస్తోంది. సబ్బు నురగ రావడం లేదు. బాల్కనీలో కరివేపాకు మొక్క ఆకుల అంచులు మాడిపోతున్నాయి. ఇంకో వంద అడుగులు దింపితే తీయటి నీరు పడుతుందని బోరు వేసేవారు అంటున్నారు. ఆదివారం సంఘం సమావేశంలో తేల్చాలి. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు:
అందుకోసం డబ్బు వసూలు చేయకండి. తీరానికి అంత దగ్గరలో లోతుకు పోయేకొద్దీ ఉప్పునీటికి దగ్గరవుతాం.

తీరం వెంట నేల లోపల మంచినీరు పైన, సముద్రపు నీరు కింద ఉంటాయి, ఉప్పునీరు బరువు కాబట్టి. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిచి ఉంటే, అది కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా ఉప్పునీటిని అదిమి ఉంచుతుందని లెక్క. పైనున్న ఆ మీటరును మనం తోడేస్తే కింది 40 మీటర్లూ క్రమంగా పోతాయి. మోటారు ఆపకుండా నడిపితే సరిగ్గా బోరు కిందే ఉప్పునీరు గోపురంలా పైకి లేస్తుంది. విశాఖలో నేల కింద ఎక్కువగా ఖోండలైట్ రాయి. నీరు పగుళ్ల వెంట పారుతుంది కాబట్టి ఈ లెక్క ఇసుక నేలలో కుదిరినంత చక్కగా ఇక్కడ కుదరదు. మీకు ఉప్పగా, పక్కింటివారికి తియ్యగా ఉండవచ్చు. వారి బోరు చూసి మీ లోతు నిర్ణయించకండి.

ముందు ఇది సముద్రపు ఉప్పేనా అని తేల్చుకోండి. మోటారు వేసిన పది నిమిషాలకు ఒక సీసా, ట్యాంకు నిండి ఆపబోయే ముందు మరో సీసా పట్టండి. సీసాలను అదే నీటితో కడిగి నింపి ప్రయోగశాలకు ఇవ్వండి. క్లోరైడు, బైకార్బొనేటు, కాఠిన్యం, నైట్రేటు అడగండి. రెండో సీసాలో క్లోరైడు బాగా పెరిగితే ఉప్పునీరు కింది నుంచి లేస్తోందని గట్టిగా అనుమానించవచ్చు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే సెప్టిక్ ట్యాంకు, మురుగు కాలువల వైపు చూడండి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్నే చూపుతుంది, ఏ ఉప్పు ఎంత ఉందో చెప్పదు.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటుంది. వంద లీటర్ల మంచినీటిలో అది రెండు లీటర్లు కలిసినా చాలు, తాగునీటి ప్రమాణమైన 250 దాటిపోతుంది. అందుకే మార్పు అంత హఠాత్తుగా కనిపిస్తుంది.

ఈలోగా మోటారును గంటల తరబడి నడపకండి. ఉదయం కొంత, సాయంత్రం కొంత, మధ్యలో విరామం. వంటకు, తాగడానికి కుళాయి నీరే వాడండి. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలన్నదీ సమావేశంలో చెప్పండి.

మరొకరు (ఎంవీపీ కాలనీ):
మా భవనమంతటికీ ఆర్‌ఓ ప్లాంటు పెట్టించాలనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు:
వద్దండీ. అందులో చాలా నీరు వ్యర్థంగా బయటికి పోతుంది. ఆ మేరకు బోరు నుంచి ఇంకా ఎక్కువ తోడాలి, ఉప్పు ఇంకా పైకి వస్తుంది. ఆ వ్యర్థజలాన్ని ఇంకుడు గుంతలోకి వదిలితే ఉప్పును మళ్లీ మనమే భూమిలోకి పంపినట్టు. తాగే నీటి వరకు చిన్న యంత్రం చాలు.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడింది. డాబా మీది వాన నీటిని నేరుగా పాత బోరులోకి వదిలితే సరిపోతుందా?

జవాబు:
వడకట్టకుండా వదలకండి. ఆకులు, పిట్టల రెట్టలు, దుమ్ము పగుళ్లలోకి చేరితే బోరు పాడవుతుంది, నీరూ కలుషితమవుతుంది. అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, పైన ఇసుక వేసిన గుంత గుండా పంపండి. గుంత సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. మొదటి వాన నీటిని బయటికి వదిలేయండి. వాహనాలు నిలిపే చోటి నీటిలో నూనె ఉంటుంది, దాన్ని కలపకండి. ఏటా పై ఇసుకను గీకి మార్చాలి, చాలామంది మరిచేది ఇదే.

డాబా 200 చదరపు మీటర్లు అనుకుందాం. ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన పడితే 2 లక్షల లీటర్లు. నష్టాలు పోను 1.6 లక్షలు లోపలికి వెళ్తాయి. మనకు అక్టోబరు వానలే పెద్దవి కాబట్టి గుంత అంతకు ముందే సిద్ధంగా ఉండాలి. అయితే ఒక్క భవనం గుంతతో ఉప్పు వెనక్కి పోదు. వీధిలోని అపార్ట్‌మెంట్లన్నీ నీరు తోడటం తగ్గించాలి, గుంతలు తవ్వాలి. ఆదివారం మీ పక్క సంఘాలవారిని కూడా పిలవండి. ఇప్పటి పరీక్ష కాగితం దాచిపెట్టి, నవంబరులో అదే బోరు నుంచి అదే విధంగా రెండు సీసాలు పట్టి పోల్చండి. ఫలితాలు ఇక్కడ పెడితే, ఎంవీపీ కాలనీవారికీ పనికొస్తాయి.